చోడవరంలో మూడోసారి హెడ్ విప్పిన రోజు

పాత వ్యాను ఉన్నవాళ్లకి ఒక రకం ఫోన్ కాల్ అలవాటవుతుంది. అవతలి మనిషి హలో అన్నాక వెంటనే మాట్లాడడు, ఒకసారి గట్టిగా ఊపిరి తీసుకుంటాడు. మొన్న ఫిబ్రవరిలో ఒక బుధవారం మధ్యాహ్నం మా మేనల్లుడు నూకరాజు అలాగే ఊపిరి తీసుకుని, "మావయ్యా, మల్లీ తెల్లపొగ వత్తంది" అన్నాడు. ఏడాది తిరక్కుండా ఇది మూడోసారి. ఇంజన్‌కి కింద బ్లాకు, దాని మీద మూతలా హెడ్డు ఉంటాయి. రెంటి మధ్యా అప్పడమంత పలచని గ్యాస్కెట్ ఒకటి నలిగి కూర్చుని మంటని మంట దారిలో, నీళ్లని నీళ్ల దారిలో ఉంచుతుంది. అది ఎక్కడైనా చిట్లితే నీళ్లు మంటలోకి జొరబడి పొగగొట్టంలోంచి ఆవిరై పోతాయి. రేడియేటర్ మూత తీసి చూస్తే సోడా కొట్టినట్టు బుడగలు. ఈ పాటి జ్ఞానం నాకు ఏ కాలేజీలోనూ అబ్బలేదు. గాజువాకలో షామియానాలు, వంటపాత్రలు అద్దెకిచ్చే రోజుల్లో, ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలమ్మే అతని దగ్గర అట్ట లేని మెకానిక్ పుస్తకం ఒకటి కొన్నాను. మొదటి పేజీలు కూడా కొన్ని లేవు. అందుకే ఇంజన్ ఎలా బయల్దేరుతుందో నాకు సరిగా తెలియదు గానీ ఎందుకు ఆగిపోతుందో బాగానే తెలుసు.

ఆ వ్యాపారం మూసేశాక వ్యాను మా చెల్లెలు పైడమ్మ కొడుక్కి ఇచ్చాను. వాడే ఈ నూకరాజు. వాళ్లది బుచ్చయ్యపేట దగ్గర పల్లె. వాడి తండ్రి లారీ డ్రైవరు, పోయి చాలా కాలమైంది. పొద్దున్నా సాయంత్రం చుట్టుపక్కల పిల్లల్ని చోడవరంలో బడికి చేర్చి తీసుకురావడం, మధ్యలో పెళ్లిళ్లకీ మొక్కులకీ కిరాయికి తిరగడం, తల్లీకొడుకులిద్దరికీ అదే బతుకు. కాగితాలు మాత్రం నా పేరునే ఉన్నాయి, రిపేరు ఖర్చూ నా నెత్తినే ఉంది. రెండోసారి గ్యాస్కెట్ పోయినప్పుడు ఫోన్లో అరిచాను. మూడోసారి అరవలేదు. అనకాపల్లిలో పాత ఇనుము కొనే అతనికి ఫోన్ చేసి రేటు అడిగాను. గురువారం సాయంత్రంలోగా రోగమేమిటో తేలకపోతే మర్నాడే వచ్చి బండి లాక్కుపొమ్మన్నాను. ఆ సంగతి నూకరాజుకి కూడా చెప్పాను. ఈసారి వాడు ఊపిరి కూడా తీసుకోలేదు.

గురువారం తెల్లవారి ఆరింటికల్లా గాజువాకలో బస్సెక్కాను. మీలో ఎవరైనా ఇదే పని మీద వెళ్లేటట్టయితే, విశాఖ నుంచి చోడవరానికి సబ్బవరం మీదుగా ఒక దారి, అనకాపల్లి మీదుగా ఒక దారి ఉన్నాయి. గాజువాక వైపువాళ్లకి అనకాపల్లే నయం. అక్కడ దిగి బస్సు మారాలి, పెద్దగా కాచుకోనక్కర్లేదు, బస్సు లేకపోతే షేర్ ఆటో ఉంటుంది. రెండు బస్సులకీ కలిపి నూరు రూపాయలకి కాస్త అటూ ఇటూ అవుతుంది. ఇప్పుడు చోడవరం అనకాపల్లి జిల్లా అని బోర్డులు చెప్తున్నాయి, నా నోటికి మాత్రం ఇంకా విశాఖ జిల్లాయే. చెరకు నరికే రోజుల్లో వెళ్తే ఒక గంట అదనంగా చేతిలో పెట్టుకోండి. మా బస్సు అనకాపల్లి దాటగానే ఒక చెరకు ట్రాక్టర్ వెనక ఇరుక్కుంది. గడలు రెండు వైపులా రోడ్డంతా పరుచుకుని, ఇంటెడు సామాన్లతో ఇల్లు ఖాళీ చేస్తున్నట్టు నెమ్మదిగా కదులుతోంది.

నేను డ్రైవర్ వెనక సీట్లో ఉన్నాను. నా బుర్రలో ఒకటే గోల కాబట్టి, "ఇలా చిన్న గేర్లో పాకితే ఇంజన్ కాగిపోదా బాబూ?" అన్నాను.

"కాగుతాది" అన్నాడు అతను అద్దంలో నన్ను చూస్తూ. "కాగితే ఆపుతాం. ఇది గవర్మెంటు బండి, మా అత్తోరిది కాదు కదా."

నాకు వెంటనే అనుమానం వచ్చింది. నూకరాజు నడిపేది మావయ్య బండి. కాగినా ఆపడేమో. అక్కడినుంచి చోడవరం వచ్చేదాకా అనుమానితుల్ని వరసగా కూర్చోబెట్టాను. మొదటివాడు నూకరాజు. వాడికి బండి వదిలించుకుని కొత్తది కొనిపించే ఆలోచన ఉందేమో. రెండోవాడు మెకానిక్కు. నెలకోసారి హెడ్ విప్పితే వాడికి నెలజీతం. మూడోది గ్యాస్కెట్. డబ్బా మీద మంచి పేరుంటుంది, లోపల ఎవడో పెరట్లో కత్తిరించిన అట్ట ఉంటుంది. అందుకే ఈసారి గ్యాస్కెట్ బుధవారం సాయంత్రమే విశాఖలో నేనే కొని, ఒక స్టీల్ స్కేలు, సందులు కొలిచే సన్నని రేకుల గేజీ సంచిలో వేసుకున్నాను. చోడవరంలో దిగి బస్టాండ్ దగ్గర ఇడ్లీ తిన్నాను. ప్లేటు చవక, చట్నీ బాగుంది. వడ్డించినామె నా సంచిలోంచి పొడుచుకొచ్చిన స్కేలు చూసి "మేస్టారా?" అంది. మెకానిక్కు దేముడి షెడ్డుకి వెళ్తున్నానని చెప్పాను. "పని తెలిసినోడే. నోరే తట్టుకోవాల" అంది. తట్టుకుంటానని చెప్పి చిల్లర లెక్కపెట్టుకున్నాను. సరిగానే ఇచ్చింది. అదీ అనుమానంగానే అనిపించింది, ఆ పొద్దున్న నా బుద్ధి అలా ఉంది.

మా వైపు దేముడు అన్నది మనుషుల పేరు. రోలుగుంట రోడ్డులో రేకుల షెడ్డు వేసుకున్న ఈ దేముడికి యాభై దాటాయి, మెడలో తువ్వాలు, నోటిలో ఎప్పుడూ ఏదో ఒక వాక్యం. నేను వెళ్లేసరికి నా వ్యాను బానెట్టు తెరుచుకుని నిలబడి ఉంది. నూకరాజు దాని పక్కనే, ఆస్పత్రిలో బంధువు నిలబడినట్టు నిలబడ్డాడు.

"వచ్చేరా, రండి" అన్నాడు దేముడు. "మీ అల్లుడు రాత్రి నుంచీ అన్నం తినలేదంట. సంచిలో ఏటి, బాబూ?"

గ్యాస్కెట్ తీసి ఇచ్చాను. అతను దాన్ని ఎండకి పట్టి, వేలితో మీటి, వాసన కూడా చూశాడు.

"నా మీద నమ్మకం నేదా?"

"నీ మీద ఉంది. దుకాణం మీద లేదు."

"మరి నాకు మీ దుకాణం మీద నేదు. ఇది మట్టుకు నకిలీ కాదని ఎవుడు సెప్పేడు?"

స్కేలు బయటికి తీశాను. హెడ్డు విప్పేసరికి పదకొండు దాటింది. బోల్టులు పాతవే మళ్లీ బిగించాడేమో అని ఒక్కొక్కటే చూశాను. కొత్తవే. బిగించేటప్పుడు మధ్యనుంచి మొదలెట్టి అంచులకి పోవాలి, ఎలా బిగించావంటే అక్కడున్న బోల్టు కన్నాల మీద వేలితో చూపించాడు, సరిగ్గానే చూపించాడు. "రెండోసారి హెడ్డుని లేతు మిసను మీద ఎట్టించి మొకం సాపు సేయించేను గదా, అది కూడా దొంగ లెక్కేనా?" అని తనే దెప్పాడు. హెడ్డుని బోర్లించి స్కేలు నిలువుగా ఆనించి కింద రేకు పెట్టి చూశాను. అంచుల దగ్గర పట్టేసింది, మధ్యలో రేకు జారుగా దూరింది. అంత చదును చేయించిన హెడ్డు మళ్లీ వంగింది. ఇనుముకైనా మరో లోహానికైనా ఊరికే వంగే సరదా ఉండదు. ఎక్కడో విపరీతంగా కాగింది. గ్యాస్కెట్ చిట్లడం రోగం కాదు, ఆ కాగడం రోగం.

"వేడి ముల్లు ఎర్రగీత దగ్గరికొస్తే బండి ఆపేవా?" అని నూకరాజుని అడిగాను.

"ఆపేను మావయ్యా. ఆపి, సల్లారేక నీల్లు పోసేను. పిల్లలు లేటయిపోతన్నారని ఆల్ల అమ్మలు తిట్టినా ఆపేను."

"ఎన్నిసార్లు?"

వాడు దేముడి వైపు చూశాడు. దేముడు ఇంజన్ వైపు చూశాడు. లెక్కలేనన్నిసార్లని ఆ చూపులే చెప్పాయి, నాకవి నచ్చలేదు.

ఫ్యాన్ బెల్టు బిగువుగా ఉంది. నీళ్ల పంపు రెక్కలు బాగున్నాయి. వేడి చూసి నీళ్లు వదిలే వాల్వు ఉండాల్సిన చోట ఏమీ లేదు. మన వైపు మెకానిక్కులకి ఆ వాల్వు అంటే ఎందుకో పడదు, కనిపిస్తే చాలు తీసి కిటికీలో పెడతారు. అడిగితే బండి తన దగ్గరికి వచ్చినప్పుడే అది లేదన్నాడు దేముడు. నమ్మాలో వద్దో తేల్చుకునేలోగా నా ఫోన్ మోగింది. పైడమ్మ. భోజనానికి ఇంటికి వస్తావా, కేరియర్ పంపమంటావా అని అడిగి, ఆఖర్న "అన్నియ్యా, రేడియేటరు గానీ ఇప్పుతారేటి?" అంది.

మా చెల్లెలికి చేపల్లో ముళ్లు తెలుసు, మనుషుల్లో పుల్లలు తెలుసు. రేడియేటర్ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. "ఎందుకే?" అన్నాను. "ఏం లేదు, ఊరికే" అని పెట్టేసింది. ఊరికే అన్నవాళ్లని నేను వ్యాపారంలో ఎప్పుడూ ఊరికే వదల్లేదు. దేముడితో రేడియేటర్ దింపమన్నాను.

బయటినుంచి చూస్తే రెక్కలు శుభ్రంగా ఉన్నాయి. పై గొట్టంలోంచి బకెట్‌తో నీళ్లు పోశాం. కింద గొట్టంలోంచి ధారగా దూకాల్సిన నీళ్లు, ముసలాయన చేతిలోంచి చందా వచ్చినట్టు చుక్క చుక్కగా వచ్చాయి. పోసిన నీళ్లు పైకి తన్ని దేముడి చొక్కా తడిపాయి. "సచ్చినోడా" అన్నాడు, ఎవర్నో నాకు తెలియదు. పాతకాలం ఇత్తడి రేడియేటర్ కావడం మంచిదైంది. పై తొట్టి అతుకు వేడి చేసి ఊడదీశాడు. లోపల సన్నని గొట్టాల మూతులన్నీ ముద్దగా పూడిపోయి ఉన్నాయి.

"తుప్పు" అన్నాడు దేముడు గట్టిగా. "బోరు నీల్లు పోత్తే ఇదే. నేను ముందే అనుకున్నాను."

"ముందే అనుకుంటే రెండోసారే విప్పాల్సింది" అన్నాను. తుప్పుని చాలా చూశాను, అది వేళ్లకి గరగరలాడుతుంది. ఇది నూరిన ముద్దలా మెత్తగా ఉంది, రంగు కూడా ఆవపిండికి దగ్గరగా ఉంది. రెండు వేళ్లతో తీసి నలిపి, తేల్చుకోలేక కుళాయి దగ్గరికి వెళ్లి బట్టల సబ్బు రుద్దాను. నురగ ఎర్రగా మారింది.

"మావయ్యా, రక్తం" అన్నాడు నూకరాజు.

నొప్పేమీ లేదు. కడుక్కుని, మళ్లీ కాస్త ముద్ద తీసి మళ్లీ సబ్బు రుద్దాను. మళ్లీ ఎరుపే. నేను పెళ్లిళ్లకి పాత్రలు అద్దెకిచ్చినవాణ్ణి. పారాణి కలిపిన పళ్లేలు, పులిహోర కలిపిన గంగాళాలు తిరిగొచ్చాక ముందు సబ్బు పెట్టి తోమించింది నేనే. పసుపులో సున్నం పడినా ఎర్రబడుతుంది, సబ్బు పడినా ఎర్రబడుతుంది. ఆ రేడియేటర్ నిండా ఉన్నది పసుపు.

పాత లారీలవాళ్లకి ఈ చిట్కా కొత్త కాదు. రేడియేటర్ ఎక్కడైనా చెమర్చితే గుప్పెడు పసుపు వేస్తారు, అది వేడికి ఉబ్బి కన్నానికి అడ్డం పడుతుంది, లారీ ఇంటికి చేరుతుంది. చేరాక కడిగేయాలి. కడక్కుండా వేస్తూ పోతే కారే కన్నమే కాదు, నీళ్లు తిరిగే దారులన్నీ మూసుకుపోతాయి. అప్పుడు ఇంజన్ కాగుతుంది, హెడ్డు వంగుతుంది, గ్యాస్కెట్ చిట్లుతుంది. కొత్తది వేస్తే అదీ చిట్లుతుంది. దారి తెలిసింది. వేసిన చెయ్యి ఎవరిదో తెలియాలి.

"నువ్వేశావా?" అని దేముణ్ణి అడిగాను.

అతను నవ్వాడు. "పసుపేసి కారడం ఆపుకుంటే నాకు రిపేరు ఎలాగొత్తాది బాబూ? నాకంత మంచితనం నేదు."

అందులో న్యాయముంది. నూకరాజు వైపు తిరిగాను. వాడు అప్పటికే చెయ్యి నెత్తిన పెట్టుకున్నాడు. "అమ్మ తోడు మావయ్యా, నేనెయ్యనేదు. మా అయ్య లారీకి ఏసేవోడని తెలుసు. నేను మట్టుకు ఎయ్యనేదు."

"పొద్దున్నే నీళ్లు పోసేదెవరు?"

వాడు నెత్తి మీంచి చెయ్యి దించి, "బడి టైముకి నేను తానానికెల్తాను. అమ్మే పోత్తాది" అన్నాడు.

రెండింటికి వాడి బైకు మీద బయల్దేరాం. బైకు లేనివాళ్లకి చోడవరం నుంచి బుచ్చయ్యపేట వైపు షేర్ ఆటోలుంటాయి, కిరాయి తక్కువే, మోకాళ్లు మాత్రం ఎదుటివాళ్లకి అప్పగించాలి. దారి పొడవునా చెరకు తోటలు, నరికిన మళ్లలో ఆకు కాలుస్తున్న పొగ. వెనక సీట్లో నేను దారంతా తిట్లు కూర్చుకున్నాను. చెల్లెలు నా బండి చెడగొట్టి నన్నే డబ్బు పెట్టిస్తోందనీ, దీని వెనక ఏదో ఉందనీ.

పైడమ్మ అరుగు మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. నేను గుమ్మం ముందు నిలబడే అడిగాను.

"రేడియేటర్లో పసుపు వేసింది నువ్వేనా?"

"నేనే" అంది. చింతపండు మీంచి చెయ్యి తియ్యలేదు. "ఇప్పేసేరా?"

"ఎందుకేశావు?"

"మొదటిసారి పాడైనప్పుడు నువ్వేటన్నావు? ఈ ఫోన్లోనే అన్నావు. ఇంకోపాలి ఆ బండి నీల్లు కారిందని ఇన్నానంటే తూకానికి ఏసెత్తానన్నావా, నేదా?"

అన్నాను. పదిమందితో అన్నట్టే అన్నాను, అనేసి మర్చిపోయాను.

"బాగయ్యి ఇంటికొచ్చిన మూడో దినం పొద్దుగాల వాకిలి తుడుత్తుంటే బండి కింద తడి కనపడింది. ఎవుల్తో సెప్పాల? ఈడితో సెప్తే ఈడు నీకు సెప్తాడు, కడుపులో మాట దాసుకోనేడు. నీకు తెలిత్తే బండి పోద్ది. ఈడి అయ్య లారీకి ఏసినట్టు ఒక సెంచాడు ఏసేను. తడి ఆగింది. మల్లీ కనపడితే మల్లీ ఏసేను. తరవాత కనపడకపోయినా ఏసేను, బయమేసి."

"ఎన్నాళ్లు?"

"ఇంట్లో పసుపు అయిపోయినప్పుడు మట్టుకు మానేసేను."

నూకరాజు వచ్చి తల్లి పక్కన కూర్చున్నాడు. నేను వాళ్లకి చెప్పని సంగతి ఒకటుంది. బయల్దేరేముందు నూకరాజు బైకు తీస్తుంటే దేముడు రేడియేటర్ కింద గొట్టం పట్టుకుని నాకు చూపించాడు. దింపేటప్పుడే దాన్ని బిగించే క్లిప్పు వదులుగా ఉందట, అంచు వెంట నీటి చార ఉంది. ఆ రోజు ఆమె చూసిన తడి అదే. స్క్రూడ్రైవర్‌తో నాలుగు తిప్పులు తిప్పితే ఆగేది. అది అప్పుడు చెప్పాలనిపించలేదు. ఇక్కడ రాస్తున్నాను గనక ఇప్పుడు ఆమెకీ తెలుస్తుంది, నూకరాజు చదివి వినిపిస్తాడు.

కూర్చుకున్న తిట్లలో ఒక్కటీ పనికిరాలేదు. "సరే, బండి అమ్మను" అన్నాను.

పైడమ్మ నా మొహంలోకి చూసింది. అనుమానం అంటే ఏమిటో నాకు తెలుసు, కానీ నా మీదికే వస్తున్నప్పుడు అది ఎలా ఉంటుందో అప్పుడు చూశాను. "ఆ మాట నాతో సెప్పకు. ఆ ఇనుపోడితో సెప్పు. నా ముందర సెప్పు. గట్టిగా ఇనపడేలా ఎట్టు."

ఫోన్ తీసి స్పీకర్లో పెట్టి చేశాను. బండి అమ్మడం లేదండి అన్నాను. అతను, "రేటు కొంచెం చూస్తానండి" అన్నాడు. పాత వ్యాపారి బుద్ధి కదా, ఎంత అన్న మాట నాలుక చివరికి వచ్చింది. పైడమ్మ పిక్క చేతిలో పట్టుకుని అలాగే చూస్తోంది. "లేదండి, అమ్మను" అని పెట్టేశాను.

"ఆడేనా?" అంది పైడమ్మ. "నీ సావాసగాడెవుడైనానా?" నా ఫోన్ లాక్కుని నూకరాజుకిచ్చి, వాడి ఫోన్లోంచి అదే నెంబరుకి చెయ్యమంది. వాడు చేసి, చోడవరంలో ఉన్న వ్యాను రేపు తీసుకెళ్తారా అని అడిగాడు. అవతలతను విసుక్కుంటూ, ఇప్పుడే కదయ్యా ఓనరు అమ్మనన్నాడు అన్నాడు. అది విన్నాక పైడమ్మ చేతులు దులుపుకుని లేచి, నాకు అన్నం వడ్డించడానికి లోపలికి వెళ్లింది.

రేడియేటర్‌కి లోపలి గొట్టాల వరసంతా కొత్తది వేయించాం, హెడ్డు మళ్లీ చదును చేయించాం, వాల్వు కూడా కొత్తది పెట్టించాను, దేముడు మొహం చిట్లించినా. గ్యాస్కెట్ నేను తెచ్చిందే వేశాడు, దాన్ని ఇప్పటికీ నకిలీ అనే అంటున్నాడు. బండి పిల్లల్ని తిప్పుతోంది, ముల్లు మధ్యలోనే నిలబడుతోంది. ఆ రోజు సాయంత్రం ఆరింటి బస్సులో అనకాపల్లి వస్తూ, పొద్దున్న వరసగా కూర్చోబెట్టిన అనుమానితుల్ని ఒక్కొక్కర్నే లేపి పంపించేశాను. నూకరాజు, దేముడు, గ్యాస్కెట్. ఖాళీ అయిన చోట నాకు ఎవర్ని కూర్చోబెట్టాలో తోచలేదు, కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. పైడమ్మకి బండి చెడగొట్టాలని లేదు. నాకు బండి అమ్మాలని కూడా అంతగా లేదు. ఇద్దరం ఒక తడి మచ్చ గురించి ఒక్క మాట మాట్లాడుకోలేకపోయాం, ఆ మాట ఉండాల్సిన చోట పసుపు పేరుకుంది.

పాత బండికి హెడ్ గ్యాస్కెట్ మాటిమాటికీ పోతున్నవాళ్లకి ఒక సలహా. హెడ్డు విప్పించక ముందు రేడియేటర్లో పైనుంచి బకెట్ నీళ్లు పోసి కిందికి ధారగా దిగుతున్నాయో లేదో చూడండి. అది చూసే ముందు, రోజూ పొద్దున్న ఆ బండికి నీళ్లు పోసేది ఎవరో కనుక్కుని వాళ్ల పక్కన కూర్చోండి, బండి అమ్మే మాట ఎత్తకుండా అడగండి.